పదో మెట్టు

"ఎండలో పెట్టకండి బాబూ, మైనం కరిగిపోతాది!"

అప్పటికింకా ఏమీ జరగలేదు. జీపు మా గుమ్మం ముందు నీడలోనే ఉంది. వీణ మా ఆయన చేతుల్లోనే ఉంది. జరిగాక ఏడవడం కంటే ముందే ఏడ్చేయడం నా అలవాటు.

మా ఆయన అప్పలాచారి వీణని వెనక సీటు మీద పడుకోబెడుతూ, "దాని మాటలకేటి గానీ బాబూ. వానొస్తే గోడ కూలిపోతాదంటాది, రాకపోతే నుయ్యి ఎండిపోతాదంటాది. నిన్న రెండూ ఒక్క పూటలోనే అంది," అన్నాడు.

ముందు సీట్లో ఉన్న కూర్మనాథంగారు నవ్వారు. ఆయన తంత్రీవాద్య క్రమబద్ధీకరణ మండలికి ప్రత్యేకాధికారి. అంతకుముందు చెరువుగట్ల శాఖలో చేశారట. రాష్ట్రంలో వీణలన్నీ ఒక్క తీరుగా ఉండాలని మండలి తీర్మానించింది. దానికో నమూనా కావాలి. మా ఊళ్లో వీణలు చేసే నాలుగిళ్లూ తిరిగి, చివరికి మా ఇంటి వీణని ఎంచుకున్నారు.

"తల్లీ, ఈ క్షణం నుంచి ఇది వీణ కాదు. నమూనా. నమూనాలకు వాతావరణంతో నిమిత్తం లేదు," అన్నారాయన.

నేను లోపలికి పరిగెత్తి పాత బొంత తెచ్చి వీణ మీద కప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"రసీదులో 'వీణ ఒకటి' అని ఉంది. 'బొంత ఒకటి' అని లేదు."

నా మిగతా భయాల సంగతి ఎలా ఉన్నా, మైనం గురించి నాకున్నది భయం కాదు. తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి వేసి ఇరవయ్యేళ్లుగా కాస్తున్నది నేనే. వీణ మీద ఇరవైనాలుగు ఇత్తడి మెట్లుంటాయి. వేలితో తీగని ఏ మెట్టు మీద నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. వాటికి మేకుల్లేవు, మరలు లేవు. ఆ నల్లమైనంలో కూర్చుని ఉంటాయంతే. వైశాఖమాసపు ఎండలో రెండు గంటలుంచితే మైనం మీగడలా మెత్తబడుతుంది. అప్పుడు దేని బరువు తగిలినా మెట్టు జరుగుతుంది.

జీపు కదలబోతుండగా డ్రైవరు తన నాలుగు గిన్నెల క్యారేజీని తెచ్చి సరిగ్గా మెట్ల మీదకి ఒరిగేలా పెట్టాడు.

"బాబూ, ఆ క్యారేజీ..." అనేలోగా దుమ్ము తప్ప జీపు లేదు. దారిలో ఓ చింతతోపు దగ్గర ఆగి, భోంచేసి, ఓ కునుకు కూడా తీసి వెళ్లారని తర్వాత తెలిసింది. వాళ్లు నీడలోనే పడుకున్నారు. జీపు ఎండలో ఉంది.

ఆ సంగతి ఆర్నెల్ల దాకా నేనే మరిచిపోయాను. కొత్త భయాలు వచ్చాయి మరి.

మా అమ్మాయి వనజ పట్నంలో సంగీత పాఠశాలకు వెళ్లి వీణ నేర్చుకుంటోంది. పంతొమ్మిదేళ్లు. గురుకుల పాఠశాలల్లో వీణ టీచర్లను వేస్తారనీ, మండలి పరీక్ష ప్యాసైన వాళ్లనే వేస్తారనీ కబురొచ్చింది. పిల్లకి ఉద్యోగం వస్తుందన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ప్యాసు కాకపోతే? ప్యాసయ్యాక ఏ ఏజెన్సీ కొండల్లోనో వేస్తే? వేసిన చోట పాములుంటే?

కార్తీకమాసంలో వనజ ఒక పుస్తకం తెచ్చింది. పేరు 'అంగుళీస్థాన లిపి'. అట్ట మీద మా వీణ బొమ్మే. లోపల సరిగమలు లేవు. అన్నీ అంకెలే. ఒకటి గీత ఏడు, పక్కన 'చూ' అని ఉంటే మొదటి తీగ, ఏడో మెట్టు, చూపుడువేలు. ఒకటి గీత పది, పక్కన 'మ' ఉంటే మొదటి తీగ, పదో మెట్టు, మధ్యవేలు. సంగీతం తెలియకపోయినా అంకెలు వస్తే చాలు, ఎవరైనా వాయించవచ్చని మొదటి పేజీలోనే రాశారు. సంగీతం తెలియకపోయినా ఎవరైనా పరీక్ష చేయవచ్చని రెండో పేజీలో రాశారు.

వనజకి వీణ నేర్పే సుభద్రాయమ్మ టీచరుగారు ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆ పాఠశాలలో ఉన్నారు. పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరకి తిరగేసి, "ఎక్కడ నొక్కాలో ఉందమ్మా. ఏం వినబడాలో ఎక్కడా లేదు," అన్నారట.

నాకు మాత్రం ఆ పుస్తకం తెగ నచ్చింది. నేను చదివింది ఏడో తరగతి. ఇన్నేళ్లూ పిల్ల వాయిస్తుంటే తప్పో ఒప్పో తెలియక గుమ్మంలో నిలబడి భయపడుతూ ఉండేదాన్ని. ఇప్పుడు నాకూ తెలుస్తుంది! పప్పుగుత్తి చేత్తో పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

"ఇక్కడ ఒకటి-తొమ్మిది అనుంటే వేలు ఎనిమిది మీద పెట్టీసేవేటే?"

"ఎనిమిది కాదమ్మా, జారుతున్నాను. జారాలక్కడ."

"జారమని రాయలేదు గదా. రాయనిది సెయ్యకు. ఆళ్లు మార్కులు తీసేస్తే ఏటైపోతామే?"

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట జ్వరమొచ్చి మా ఆయనకి చెవులు కాస్త మందగించాయి. అప్పటి నుంచి మెట్లు కూర్చేటప్పుడు వనజే ఆయనకి చెవి. ఆయన వేడి మైనంలో మెట్టు పెట్టి, తీగ మీటి, "ఊఁ?" అంటాడు. ఆ పిల్ల నూతి దగ్గరున్నా, పొయ్యి దగ్గరున్నా, తలెత్తకుండానే, "బియ్యపుగింజంత తలవైపు, నాన్నా," అంటుంది. లేదా, "నువ్వుగింజంత కుండవైపు," అంటుంది. వాయించే వాళ్ల ఎడమచేతి వైపు ఉన్నది తల, కుడిచేతి వైపు ఉన్నది కుండ. మా ఇంట్లో కొలతలన్నీ గింజలే. "అంతే" అన్నదంటే మెట్టు కుదిరినట్టు. ఆ "అంతే" వినబడితేనే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఆ చెవే మా ఇంటి తిండి.

పుస్తకం వచ్చిన నెలకి మండలి నుంచి ఒక ఇనప బద్ద వచ్చింది. దాని మీద ఇరవైనాలుగు గాట్లు. నమూనా వీణని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ కొలతల్ని రాజపత్రంలో అచ్చువేయించి, బద్ద మీద చెక్కించారు. ఇకపై వీణ చేసేవాళ్లెవరైనా ఈ ప్రమాణ బద్ద పెట్టే మెట్లు కూర్చాలి.

మా ఆయన బద్ద పెట్టి కొత్త వీణకి మెట్లు కూర్చాడు. అలవాటు చొప్పున ఒక్కొక్కటీ మీటుతూ వచ్చాడు. తొమ్మిది దాకా వనజ "అంతే, అంతే" అంటూ బట్టలు పిండుతోంది. పదోది మీటగానే పిండడం ఆగింది.

"నాన్నా, అది వడ్లగింజంత తలవైపు పోయింది."

"బద్ద పెట్టి కొట్టేనే తల్లీ!"

"బద్దే పోయింది నాన్నా."

"క్యారేజీ!" అన్నాను.

ఇన్నేళ్ల నా భయాల్లో అదొక్కటే నిజమైంది. నిజమై, రాజపత్రంలో అచ్చయింది.

మర్నాడు నేనూ మా ఆయనా మండలి ఆఫీసుకి వెళ్లాం. కూర్మనాథంగారు గుర్తుపట్టి కూర్చోమన్నారు. మా ఆయన నిలబడే చెప్పాడు.

"అయ్యగారూ, పదో మెట్టు జరిగిపోనాది."

"ఎవరు చెప్పారు?"

"మా పాప చెవి సెప్పింది బాబూ."

"చెవి మండలి గుర్తించిన పరికరం కాదు," అన్నారాయన, చాలా మర్యాదగా.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందుకున్నాను. "ఎండ బాబూ. క్యారేజీ బాబూ. నేనారోజే సెప్పేను."

"చూడు తల్లీ. రాజపత్రంలో అచ్చయిన కొలత జరగడమంటూ ఉండదు. మెట్టు జరగలేదు. ఆ మెట్టు మీద ఏ స్వరముంటుంది?"

"నిషాదం బాబూ," అన్నాడు మా ఆయన.

"జరిగితే ఆ నిషాదమే జరిగి ఉంటుంది. పాత చోటు నుంచి కొత్త చోటికి బదిలీ అయిందనుకోండి. బదిలీ అయినవాడు పాత కుర్చీలోనే కూర్చుంటానంటే ఊరుకుంటామా?"

"కొత్త కుర్చీలో కూకున్నది నిషాదం కాదు బాబూ. దాని కిందనున్న ధైవతమూ కాదు. ఏదీ కాదు."

కూర్మనాథంగారు ఒక కాయితం తీసి ముందుకు జరిపారు. "పౌరులకు అభ్యంతరం తెలిపే హక్కు ఉంది. ముప్ఫై రోజుల గడువు. అయితే మండలి లిపిలోనే రాయాలి. స్వరాల పేర్లతో రాసినవి తిరస్కరించబడతాయి."

మా ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని గంటసేపు ఆలోచించాడు. తప్పుగా ఉన్న చోటు ఏది? ఒకటి-పది. ఎక్కడ ఉండాలి? ఒకటి-పది. చెమట తుడుచుకుంటూ రెండూ రాసి తీసుకెళ్లాడు.

కూర్మనాథంగారు చదివి కళ్లద్దాలు తీశారు. "ఉన్నదీ ఒకటి-పది, ఉండాల్సిందీ ఒకటి-పది! మీరే ఒప్పుకున్నారు కదయ్యా!" అని ఆయన చేత సంతకం పెట్టించుకుని, ఆ అభ్యంతరాన్ని అభినందనల ఫైలులో చేర్పించారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా ఫిర్యాదు వల్ల మండలికి మెట్లు జరుగుతాయన్న సంగతి మొదటిసారి తెలిసింది. 'మెట్లకు అనధికార చలనం కలగకుండా' అన్ని వీణలకూ బద్ద పెట్టి మెట్లు జరిపించి, మెట్టు మెట్టుకీ లక్క వేసి ముద్ర కొట్టించారు. సుభద్రాయమ్మగారి సొంత వీణకి కూడా. అది ఆవిడ అమ్మమ్మదట. తర్వాత ఇంకో ఉత్తర్వు. వాయిస్తూ లోలోపల పాడుకోవడం, పాడుకుని వేలు సరిచూసుకోవడం కాపీ కొట్టడంతో సమానం. పెదవులు కదిలితే పరీక్ష నుంచి పంపించేస్తారు.

నేను ఆ రోజు నుంచి వనజ పెదవుల మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

పుష్యంలో మాదిరి పరీక్ష పెట్టారు. పరీక్షాధికారులుగా రోడ్లు కొలిచే శాఖ నుంచి నలుగుర్ని తెచ్చారు. చూపు బాగున్నవాళ్లనే ఏరి తెచ్చారట. మా పిల్లకి వచ్చింది నూటికి ఇరవైతొమ్మిది. ప్యాసుకి ముప్ఫై అయిదు కావాలి. పేపరు మీద ఎర్రసిరాతో పదహారు చోట్ల ఒకే మాట: 'పార్శ్వచలనం'.

నేరుగా వెళ్లి మార్కులేసిన పరీక్షాధికారినే అడిగాను. "ఏటి బాబూ ఇది? రోగమా?"

"కాదమ్మా. పదో మెట్టు మీద వేలు సరిగ్గానే పెడుతోంది. పెట్టాక తీగని పక్కకి లాగుతోంది. మా రూళ్లల్లో తీగ నిటారుగా ఉండాలి."

ఇంటికొచ్చి పిల్లని నిలదీశాను. "ఎందుకు లాగేవే?"

"లాగితే స్వరం పైకొస్తుందమ్మా. లాగకపోతే నిషాదం రాదు."

"రాకపోతే ఆళ్లకేటి? స్వరం ఎవరడిగేరే నిన్ను?"

అన్నది నేనే. నా నోటితోనే అన్నాను. మా ఆయన చేతిలో ఉలి ఆగిపోయింది. వనజ నా వైపు చూసి, "వేలు దానంతటదే లాగేస్తోందమ్మా. చెవి వింటుంటే వేలు ఊరుకోదు," అంది.

ఆ మాట పట్టుకున్నాను. వేలు కాదు, చెవి అన్నమాట అడ్డం.

దేవుడిగదిలో వత్తుల కోసం ఉంచిన దూది తెచ్చాను. రెండు ఉండలు చేసి, కాస్త మైనం పూసి, పిల్ల చెవుల్లో పెట్టాను. "పరీక్ష దాకానే తల్లీ. అంకె సూడు, వేలెయ్యి. ఇంకేటీ సూడకు." మొదట్లో తల విదిలించింది. వారం తిరిగేసరికి వేలు లాగడం మానేసింది. నెల తిరిగేసరికి అసలు లాగదు. అంకె ప్రకారం మెట్టు, మెట్టు ప్రకారం వేలు. నేను పుస్తకం పట్టుకుని చూస్తే ఒక్క తప్పు లేదు. వింటే నా చెవులకే గాజు గీకినట్టుండేది గానీ, నాకేం తెలుసు, ఏడో తరగతి.

మా ఆయన ఆ రోజుల్లో తోటలోకి వెళ్లి చెక్క చెక్కుకునేవాడు. ఇంట్లో ఉండేవాడు కాదు.

మాఘంలో అసలు పరీక్ష. హాల్లో పాతికమంది ఆడపిల్లలు, కిటికీ బయట నేను. ఒక్కొక్కరినీ విడిగా చూడాలంటే మూడు రోజులు పడుతుందని, కళ్లతో చూసే పరీక్షకి విడిగా ఎందుకని, అందర్నీ ఒకేసారి వాయించమన్నారు. పాతికమందీ పాతిక పాటలు. రెండు నిమిషాలకి పరీక్షాధికారులు తలలు పట్టుకున్నారు. ఒకాయన గడ్డపలుగు పడేసినట్టు స్కేలు పడేసి బయటికి వచ్చేశాడు. పక్క హాల్లో మీటింగులో ఉన్న కూర్మనాథంగారు కూడా వచ్చారు.

"ఈ శబ్దం వల్ల పరిశీలనకు అంతరాయం కలుగుతోంది సార్," అన్నారు పరీక్షాధికారులు.

సరిగ్గా అప్పుడే ఆయన కళ్లు మా వనజ మీద పడ్డాయి. అంత గోలలో కూడా ఆ పిల్ల కదలకుండా, తొణక్కుండా, అంకె తర్వాత అంకె వేసుకుంటూ పోతోంది.

"ఈమె ఎలా ఇంత ఏకాగ్రతగా..." అని దగ్గరికి వెళ్లి వంగి చూశారు. "చెవిలో ఏమిటది?"

కిటికీ చువ్వలు పట్టుకుని అరిచాను. "దూది బాబూ! దానికేటీ తెలీదు, నేనే ఎట్టేను! నన్ను జైల్లో ఎట్టండి, పిల్లని వొదిలీండి!"

కూర్మనాథంగారు ఆ దూదిని మళ్లీ వంగి చూశారు. తర్వాత గుమాస్తాని పిలిచి, "రాసుకో," అన్నారు. "తంత్రీవాద్య పరీక్షల్లో అభ్యర్థులకూ, పరిశీలకులకూ కర్ణపిధాన నిమిత్తం దూది సరఫరా చేయవలెను. తలకు రెండు ఉండలు."

పావుగంటలో ఆసుపత్రి నుంచి దూది చుట్ట తెప్పించారు. ఉండలు చేయడం ఎవరికీ చేతకాకపోతే నన్నే లోపలికి పిలిచారు. నా చేత్తో పాతికమంది పిల్లలకీ, నలుగురు అధికారులకీ పెట్టాను. కూర్మనాథంగారు కూడా పెట్టించుకున్నారు. ఆ తర్వాత పరీక్ష ఎంతో ప్రశాంతంగా జరిగింది. బయట చెట్టు కింద కూర్చున్న సుభద్రాయమ్మగారికి మాత్రం ఉండలు చాలలేదు.

వనజకి నూటికి నూరు. రాష్ట్రంలో మొదటిది.

సన్మానసభ పెట్టారు. పాతికమందీ కలిసి ఒకే పాట వాయించారు. సభలో అందరికీ తలకో అంకెల పుస్తకం ఇచ్చారు. జనం పుస్తకం చూడడం, వేళ్లు చూడడం, మళ్లీ పుస్తకం చూడడం. పదో మెట్టు వచ్చినప్పుడల్లా పాతిక వీణలూ ఒక్కసారిగా గాజు గీకాయి. ఒక్కరూ మెట్టు తప్పలేదు. ముందు వరసలో ఒకాయన లేచి, "మూడో అమ్మాయి మధ్యవేలు బదులు ఉంగరపు వేలు వేసింది!" అని అరిస్తే జనం ఆయనకి చప్పట్లు కొట్టారు.

సుభద్రాయమ్మగారు అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని కూర్చున్నారు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి ఆవిడ భుజం తట్టాడు. "కళ్లు తెరవండి మామ్మగారూ. మూసుకుంటే ఎలా వింటారు?"

ఆవిడ కళ్లు తెరిచి వనజ వైపు చూశారు. వనజ తల దించుకుంది.

నియామకపు కాయితం వచ్చింది. మన్యం కాదు, పాములు లేవు, బస్సు దిగితే బడే. సోమవారం చేరాలి. నేను కోరుకున్నదంతా అయింది. చెవుల్లో దూది తీసేసి నెల దాటింది.

కానీ పిల్ల కూనిరాగం తీయడం లేదు. నూతి దగ్గర తోడేటప్పుడు లేదు, జడ వేసుకునేటప్పుడు లేదు. మొన్న వీధిలో బూరల వాడు తప్పుగా ఊదుకుంటూ పోయాడు. ఇదివరకైతే చెవులు మూసుకుని నవ్వేది. తలెత్తలేదు. దూది తీశాను గానీ లోపల ఏదో ఉండిపోయిందేమో. నా చేత్తో నేనే మూసేశానేమో. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. పైకి చెప్పని భయం నాకిదే మొదటిది.

ఈ ఉదయం మా ఆయన గురుకులాల కోసం చేస్తున్న పదిహేను వీణల్లో మొదటిదానికి మెట్లు కూర్చాడు. ఇనప బద్ద పెట్టి, గాటు గాటుకీ సరిగ్గా. రేపు ముద్రలు కొట్టడానికి మండలి వాళ్లు వస్తారు. మైనం ఇంకా వేడిగానే ఉంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. "అంతే" కోసం ఆగే పని లేదిప్పుడు, ఎసరు ముందే పెట్టేశాను. వనజ గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యంలో వడ్లు ఏరుతోంది.

అన్నీ అయ్యాక ఆయన బద్ద పక్కన పెట్టాడు. తర్వాత పదో మెట్టు మీద వేలు పెట్టి, తీగ మీటాడు.

"ఊఁ?"

వనజ పలకలేదు. చేటలో వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

ఆయన మళ్లీ మీటాడు. ఈసారి "ఊఁ" అనలేదు. తీగ మోగి మోగి ఆగిపోయింది. నా నోటి దాకా వచ్చింది, పలకవే తల్లీ అని. అనలేదు. ఎసరు మరిగి పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ చప్పుడుకి కూడా ఎవరూ కదలలేదు. మైనం చల్లారిపోతోంది. ఆయన మెట్టు మీద వేలు తీయలేదు. కిందికి చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఇంకాసేపైతే మైనం గట్టిపడుతుంది. గట్టిపడితే ఇక జరగదు.

చేటలో వేళ్లు ఆగాయి.

"వడ్లగింజంత," అంది వనజ, తలెత్తకుండానే. "కుండవైపు, నాన్నా."